సమాన తిట్ల ఉత్తర్వు

వెలగలపాడు శాసనసభ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర ఇంతకుముందు ఇద్దరు ముగ్గురు రాశారు. పార్టీలు, పొత్తులు, వచ్చిన ఓట్లు, పోయిన ధరావతులు అన్నీ శ్రద్ధగా చేర్చారు. పాపం, ఒక్కరికీ సరిగ్గా రాలేదు. ఆ చరిత్ర తెలియాలంటే ముందు మా గానుగ వీధికి వచ్చి, పేరంటాలమ్మ గారి గుమ్మం ముందున్న మురుగుకాలువ పక్కన కాసేపు నిలబడాలి. ముక్కు మూసుకుని నిలబడినా ఫరవాలేదు, చరిత్ర ఏమీ అనుకోదు.

ఆవిడ ఇంటికి ఎదురిల్లు మాది. జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను కాబట్టి, ప్రజాస్వామ్యం ఎలా నడుస్తుందో పుస్తకంలో ఉన్నంతవరకు నాకు తెలుసు. మిగతాది ఎదురింటి నుంచి నేర్చుకున్నాను.

నియోజకవర్గం కొత్తగా ఏర్పడినప్పుడు, మొదటి ఎన్నికల్లో ఒక అభ్యర్థి జీపు మా వీధిలోకి వచ్చి, పేరంటాలమ్మ గారు చాప మీద ఎండబెట్టుకున్న గుమ్మడి వడియాల మీదుగా వెళ్ళిపోయింది. అప్పటికి ఆవిడ కొత్త కోడలు. అత్తగారు చూస్తున్నారన్న సంగతి కూడా మరిచిపోయి, "నీ జీపు తగలెయ్య! కళ్ళు నెత్తికెక్కాయంట్రా, నీ దుంపతెగ!" అంటూ అట్లకాడతో వీధి చివరి దాకా తరిమారు. ఆయన గెలిచారు.

రెండోసారి ఆయన బుద్ధిగా వడియాలను తప్పించుకుని వెళ్ళారు. ఎదుటి పార్టీ ఆయన మాత్రం మైకు పెట్టి, అప్పుడే నిద్రపోయిన పసిపిల్లను లేపాడు. ఈసారి తిట్లు తిన్నది ఈయన, గెలిచిందీ ఈయనే. మూడో ఎన్నికల్లో ఎవరికీ తెలియని ఒక స్వతంత్ర అభ్యర్థి, నిచ్చెన గుర్తు ఆయనది, ఆవిడ కొత్తగా సున్నం వేయించిన గోడకు పోస్టరు అంటించాడు. ఆవిడ తిట్లకే ఆ పోస్టరు ఊడి కింద పడిందంటారు. నేను నమ్మను, గోడ తడిగా ఉండి ఉంటుంది. నిచ్చెన గెలిచింది.

దాంతో సిద్ధాంతం స్థిరపడింది. పేరంటాలమ్మ గారు ఎవరిని తిడితే వాళ్ళు గెలుస్తారు. దీనికి రెండో భాగం కూడా ఉంది. ఒకసారి ఒక మంచి డాక్టరు గారు నిలబడ్డారు. ఆవిడ మోకాళ్ళకు మందిచ్చిన మనిషి. గుమ్మంలోకి వచ్చి దణ్ణం పెడితే ఆవిడ మనస్ఫూర్తిగా, "చల్లగా ఉండు నాయనా" అన్నారు. ధరావతు పోయింది. ఆ తర్వాత ఆయన రోగిని చూడ్డానికి కూడా మా వీధికి రాలేదు.

అప్పటినుంచి ప్రతి ఎన్నికలోనూ అభ్యర్థులు నామినేషన్ వేసి నేరుగా ఇక్కడికి వస్తారు. చాప తొక్కుతారు, కుండీ పడగొడతారు, మధ్యాహ్నం కునుకు తీసేవేళ తలుపు కొడతారు. ఎక్కువ తిట్లు ఎవరికి పడితే గెలుపు వాళ్ళది. ఒక ఉప ఎన్నికప్పుడు ఆవిడ కూతురి పురిటికి అనకాపల్లి వెళితే, అభ్యర్థులు అక్కడిదాకా వెళ్ళి ఆసుపత్రి వరండాలో బాలింత పథ్యం క్యారేజీ తన్నేసి మరీ తిట్టించుకుని వచ్చారు. నియోజకవర్గం సరిహద్దు బయట తిన్న తిట్టు చెల్లుతుందా, చెల్లదా అని మా ఊరి ప్లీడర్లు ఇప్పటికీ రెండు వర్గాలుగా ఉన్నారు.

ఆవిడ ఎవరిని తిట్టినా చివర ఒక మాట తప్పకుండా అనేవారు. "ముందు ఈ కాలువ పూడిక తీయించి చావండ్రా!" ఆ మాట ఎవరికీ వినిపించినట్టు లేదు. పెళ్ళిలో సన్నాయి వింటూ, అందులో వాయించేవాడు ఏమంటున్నాడా అని ఎవరూ ఆలోచించరు కదా.

కాలువ సంగతి నిజంగా బాగాలేదు. ఎక్కడికక్కడ పూడిపోయి, నాలుగు చినుకులు పడితే చాలు, పొంగి వీధిలోకి వచ్చేది. పేరంటాలమ్మ గారి బతుకుతెరువు వడియాలు, అప్పడాలు. మా డాబా మీద ఎండబెట్టుకోమన్నాను గానీ ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కనివ్వలేదు. కిందటేడు తొలకరికి మురుగు గడప దాటి ఇంట్లోకి వచ్చింది. ఆవిడ ఒక పగలంతా ట్రంకుపెట్టె ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. మర్నాడు నీళ్ళు తీశాక నాతో అన్నారు: "ఇంకొక్క ఏడు చూస్తానండీ మేష్టారూ. వచ్చే తొలకరి లోపల కాలువ బాగుపడకపోతే అనకాపల్లిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతాను. పెట్టె సర్దే ఉంచాను."

ఆ మాట నాకు బొత్తిగా నచ్చలేదు. మా ఆవిడ పోయాక మా ఇంట్లో నన్ను కోప్పడేవాళ్ళు లేకుండా పోయారు. మధ్యాహ్నం రెండయినా నేను పొయ్యి వెలిగించకపోతే, ఎదురింటి కిటికీలోంచి, "ఏమండీ మేష్టారూ! కడుపు అద్దెకి తెచ్చుకున్నారా ఏంటి? లేవండి, లేచి రెండు మెతుకులు వండుకోండి!" అని వినబడేది. కొంతమందికి దేవుడు రేడియో ఇస్తాడు, నాకు ఆ కిటికీ ఇచ్చాడు.

అందుకని నేను మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. ఇంజనీరు గారు నా పాత విద్యార్థి. కుర్చీ వేసి, టీ తెప్పించి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడాడు.

"ఆ కాలువ జోలికి వెళ్ళొద్దండీ మేష్టారూ. పైనుంచి మాట ఉంది."

"ఏ పార్టీ వాళ్ళ మాట?"

"అన్ని పార్టీలవాళ్ళదీనండీ. ఈ ఊళ్ళో అందరూ ఒక్కటైన విషయం అదొక్కటే. కాలువ బాగైతే ఆవిడ కోపం చల్లారదటండీ? చల్లారితే మా ఎమ్మెల్యే గారు ఏమైపోవాలి? పోనీ, రేపు రాబోయే ఎమ్మెల్యే గారు ఏమైపోవాలి?"

"ఆవిడ ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయి బాబూ."

"తెలుసండీ. అది ఏటా తనిఖీ చేసుకుంటూనే ఉన్నాం," అన్నాడు భరోసా ఇస్తున్నట్టు.

ఆ వేసవిలోనే ఎన్నికల ప్రకటన వచ్చింది. సిటింగ్ ఎమ్మెల్యే సాంబమూర్తి గారు మొదటిరోజే బూట్లతో వచ్చి ఆవిడ పిండివడియాల గుడ్డ మీద నిలబడి, దారిన పోయేవాళ్ళందరికీ నమస్కారాలు పెట్టారు. ఆవిడ లోపలినుంచి వచ్చి, చూసి, తిట్టవలసినంతా తిట్టారు. ఆయన కళ్ళు మూసుకుని పూర్తిగా విని, గుడ్డ దులిపిచ్చి వెళ్ళిపోయారు.

సాయంత్రానికల్లా ప్రతిపక్షం అభ్యర్థి గంగాధరం గారు ఫిర్యాదు చేశారు. అధికార పార్టీ తన పదవిని అడ్డం పెట్టుకుని ముందుగా తిట్లు కాజేసిందనీ, ఇది ఎన్నికల నిష్పాక్షికతకు గొడ్డలిపెట్టనీ.

ఈసారి మాకు వచ్చిన రిటర్నింగ్ అధికారి అనంతశయనం గారు. చాలా నిబద్ధత గల మనిషి. ఏ విషయాన్నీ తేలిగ్గా తీసుకోరు, తేలికైన విషయాలను అసలే తీసుకోరు. ఆయన నన్ను పిలిపించారు.

"మేష్టారూ, మీరు తటస్థులనీ, విద్యావంతులనీ, పైగా ఎదురింట్లో ఉన్నారనీ విచారణలో తేలింది. నాకు ఒక్క సందేహం తీర్చండి. సదరు తిట్టు అనేది అభ్యర్థికి అందే వస్తువా, సేవా?"

"తిట్టు తిట్టేనండీ," అన్నాను.

"అలాగంటే ఫారంలో గడి లేదు. సేవ అని నమోదు చేసుకుంటాను."

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. దాన్ని పేరంటాలమ్మ గారికి చదివి వినిపించే బాధ్యత నా మీద పడింది. అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను.

"విషయం: ఎన్నికలు – వెలగలపాడు నియోజకవర్గం – గానుగ వీధి – శ్రీమతి పేరంటాలమ్మ, ఓటరు – ఆమె వలన అభ్యర్థులకు సంక్రమించు తిట్లు – సమాన ప్రాతిపదికన పంపిణీ – ఉత్తర్వులు జారీ చేయడమైనది."

"పంపిణీయా? నేనేమన్నా రేషన్ బియ్యాన్నా అండీ?"

"ఇంకా ఉందండీ. ఇంతకుముందు పడిన తిట్లు రద్దు చేయడమైనది. అభ్యర్థులందరినీ ఒకే రోజు, ఒకే చోట, ఒక్కొక్కరిని నాలుగు నిమిషాలకు మించకుండా తిట్టవలెను. తిట్ల నకలు మూడు రోజులు ముందుగా ధ్రువీకరణ కమిటీకి సమర్పించవలెను."

"ముందే రాసిచ్చేదాన్ని తిట్టంటారటండీ? పచారీ కొట్టు చీటీ అంటారు గానీ."

"ఆ రోజు వచ్చేవరకు సదరు ఓటరు ఎవరినీ తిట్టరాదు. ఏలయనగా, నామినేషన్ల గడువు ముగియనందున, ఏ పౌరుడైనా అభ్యర్థి అయ్యే అవకాశం కలదు."

"ఎవర్నీనా?" అన్నారు చిన్న గొంతుతో.

"ఎవర్నీ. దీన్ని పర్యవేక్షించడానికి ఒక మహిళా కానిస్టేబుల్‌నీ, గౌరవ దూషణ పరిశీలకుడిగా నన్నూ నియమించారండీ."

"మిమ్మల్నా? తిట్టడానికి మిగిలింది మీరొక్కరే అనుకుంటే, మీరూ గవర్నమెంటులో కలిశారన్నమాట," అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఆ తర్వాత మా వీధికి పట్టిన నిశ్శబ్దం చెప్పనలవి కాదు. పిల్లి పాలగిన్నె మూత తీసి తాగుతుంటే ఆవిడ పెదవులు బిగించి చూస్తూ నిలబడ్డారు. సగం తాగి, ఏదో జరగాల్సింది జరగలేదన్నట్టు పిల్లి కూడా ఆగి, ఆవిడ మొహంలోకి చూసి, మిగతా సగం తాగకుండానే వెళ్ళిపోయింది. నేను నాలుగింటికి అన్నం తిన్నాను, ఒకరోజు అదీ లేదు. కిటికీలోంచి ఆవిడ చూస్తూనే ఉన్నారు. కానిస్టేబుల్ అమ్మాయి మంచిది. "నేనిప్పుడు మంచినీళ్ళకి వెళ్తున్నానండీ, మీరేమైనా అనుకోవాలంటే అనుకోండి," అని పక్కకి తప్పుకునేది. అయినా ఆవిడ నియమం తప్పలేదు. చట్టం మీద అంత గౌరవం నేను ఎవరికీ నేర్పలేకపోయాను.

ఇంతలో పాలు పోసే గవరయ్య నామినేషన్ వేశాడు.

"అదేంటి గవరయ్యా?" అని అడిగాను.

"మరేంటండీ మేష్టారూ! పాలు పలచనని పదిహేనేళ్ళుగా పొద్దున్నే తిట్టించుకుంటున్నాను. ఒక్కపూట తిన్నోళ్ళే ఎమ్మెల్యేలు అయిపోతుంటే, నాకు ఈపాటికి మంత్రి పదవి రావద్దూ?"

అతని వాదనలో తప్పు పట్టడానికి పౌరశాస్త్రంలో ఏమీ దొరకలేదు. తిట్లు పెంచుకునే ఆశతో అతను రోజురోజుకూ నీళ్ళు పెంచుతూ పోయాడు. చివరికి ఒక ఉదయం గిన్నెలో పోస్తే అడుగున ఉన్న కంపెనీ ముద్ర చక్కగా కనబడింది. పేరంటాలమ్మ గారు నోరు తెరిచారు. కానిస్టేబుల్ చిన్నగా దగ్గింది. ఆవిడ నోరు మూసుకుని, ఊపిరి పీల్చుకుని, ఏమనాలో తోచక, చివరికి ఎంతో మెత్తగా అన్నారు:

"పాలు చాలా బాగున్నాయి నాయనా. నువ్వూ, నీ గేదెలూ చల్లగా ఉండాలి."

గవరయ్య చేతిలో క్యాను జారిపడింది.

"అమ్మా! అంత మాట అనకండమ్మా. పిల్లలు గలవాణ్ణి!"

"నీ పిల్లలు కూడా చల్లగా ఉండాలి."

అతను క్యాను అక్కడే వదిలేసి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి నామినేషన్ ఉపసంహరించుకున్నాడు. మర్నాడు పోసిన పాల మీద అరచేయంత మీగడ కట్టింది. ఆవిడ ఆ మీగడ వంక చాలాసేపు చూసి, "అలాగా!" అన్నారు. అందులో కొంత నాకూ పంపించారు.

సమాన దూషణ కార్యక్రమం రోజు రానే వచ్చింది. ముందురోజు అకాల వర్షం కురిసి కాలువ పొంగింది. షామియానా కింద వేసిన కుర్చీల కాళ్ళు మురుగులో ఉన్నాయి. అధికారులు జేబురుమాళ్ళు ముక్కులకు కట్టుకుని గంభీరంగా కూర్చున్నారు. వీడియో తీసే అతను, గడియారం పట్టుకునే అతను, తిట్టు స్థాయి నమోదు చేసే అతను ఎవరి స్థానాల్లో వాళ్ళు నిలబడ్డారు. సాంబమూర్తి గారూ, గంగాధరం గారూ ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో, పెళ్ళిపీటల మీదికి వచ్చినట్టు వచ్చారు. అనంతశయనం గారు మైకు తీసుకున్నారు.

"ప్రజాస్వామ్య ప్రక్రియలో ఇదొక మైలురాయి. దేశంలోనే తొలిసారిగా, వివక్షకు తావులేని, పారదర్శకమైన, కొలవదగిన తిట్లను అభ్యర్థుల ముంగిట్లోకి తీసుకువస్తున్నాం. శ్రీమతి పేరంటాలమ్మ గారు ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను."

ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, నెమ్మదిగా మెట్లు దిగి వచ్చారు. అట్లకాడ లేదు. చేతులు జోడించి ఉన్నాయి. మొహం పూజకు కూర్చున్నట్టు ప్రశాంతంగా ఉంది. సాంబమూర్తి గారు కళ్ళు మూసుకుని తల వంచారు.

"నాయనా సాంబమూర్తీ," అన్నారావిడ. "నీ మనసు వెన్న నాయనా."

సాంబమూర్తి గారు కళ్ళు తెరిచారు.

"అమ్మా, ఏంటమ్మా అది?"

"కడుపు చల్లని తల్లి కన్న బిడ్డవు. నువ్వు పదికాలాల పాటు..."

"ఆగండమ్మా! ఎవరైనా ఆపండయ్యా! సార్, ఇది అన్యాయం సార్! గుడ్డ తొక్కాను, పచ్చడి జాడీ పగలగొడతాను, కావాలంటే గోడ కూలుస్తాను, ఇదేంటమ్మా!"

గంగాధరం గారు చప్పట్లు కొట్టబోయారు. ఆవిడ అటు తిరిగారు.

"నువ్వూ రా నాయనా గంగాధరం. నీలాంటి ఉత్తముడు..."

ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళి దాక్కున్నారు.

అనంతశయనం గారు కాగితాలు తిరగేశారు. "తిట్టుకు బదులుగా దీవెన వెలువడిన పక్షంలో... దీనికి నిర్దేశిత విధానం..." వెతికారు, దొరకలేదు. "అమ్మా, తమరి అభ్యంతరం ఏమిటో రాతపూర్వకంగా..."

"రాయడమెందుకండీ, నిలబడే ఉన్నారుగా దాన్లో," అని ఆవిడ ఆయన బూట్ల వైపు చూపించారు. "ముప్పై ఏళ్ళు తిట్టి చెప్పాను. నా తిట్లు మీకు తీపయ్యాయి. సరే, ఇప్పుడు మంచిగా అడుగుతున్నాను. ఈ కాలువ బాగు చేస్తారా, ఇద్దర్నీ దీవించేదా?"

"చేయిస్తాం!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. చరిత్రలో మొదటిసారి.

"చేయించరాదు!" అన్నారు అనంతశయనం గారు. "ప్రవర్తనా నియమావళి అమల్లో ఉండగా అభివృద్ధి పనులు నిషిద్ధం. మురుగు ప్రవహించుట అనేది నిస్సందేహంగా అభివృద్ధి."

"నాయనా సాంబమూర్తీ, నీ చల్లని చేతుల మీదుగా..." అని ఆవిడ మళ్ళీ అందుకున్నారు. సాంబమూర్తి గారు చెవులు మూసుకున్నారు. గంగాధరం గారి అనుచరుడొకడు సొమ్మసిల్లాడు.

నేను పరిశీలకుడి హోదాలో లేచి నిలబడ్డాను. జీవితంలో ఏ సభలోనూ లేవనివాణ్ణి.

"అయ్యా, పని చేయించడం నిషిద్ధం. ప్రచారం చేసుకోవడం?"

"ప్రచారం అభ్యర్థి ప్రాథమిక హక్కు."

"అభ్యర్థి స్వయంగా పార పట్టుకుని ఓటరు గుమ్మం ముందు ఏదైనా చేసుకుంటే, అది పనా, ప్రచారమా?"

అనంతశయనం గారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. ఆయన మొహంలో మెల్లగా వెలుగు వచ్చింది. నిబంధనల్లో సందు దొరికినప్పుడు అధికారుల మొహంలో వచ్చే వెలుగు పసిపిల్లల నవ్వులా ఉంటుంది.

"సాయంత్రం ఐదింటిలోగా, మైకు లేకుండా, సొంత చేతులతో చేసినంతవరకు అది ప్రచారమే. తీసిన పూడికను అభ్యర్థి ప్రచార సామగ్రిగా పరిగణిస్తాం. కాలువను సరిగ్గా సగానికి కొలిచి ముగ్గు గీత గీయండి. ఇద్దరికీ ఒకే కొలత పార ఇవ్వండి."

అలా సిటింగ్ ఎమ్మెల్యే గారూ, కాబోయే ఎమ్మెల్యే గారూ పంచెలు ఎగ్గట్టి కాలువలో దిగారు. ఇద్దరికీ పార పట్టుకోవడం రాదు. సాంబమూర్తి గారు మొదటి పారెడు తీసి వెనక్కి విసిరితే అది వెళ్ళి ధ్రువీకరణ కమిటీ అధ్యక్షుడి మీద పడింది.

పేరంటాలమ్మ గారు ఎంత ఓర్చుకున్నా ఇక ఓర్చుకోలేకపోయారు.

"నీ జిమ్మడ! పారా అది, పంక్చరయిన సైకిలా, అలా ఈడుస్తున్నావు? వంగరా సన్నాసీ, నడుం వంగదా? ఓట్లడగడానికైతే భూమ్మీద పడి వంగుతావుగా!"

జనంలోంచి ఒక్కసారి హమ్మయ్య అన్న నిట్టూర్పు వచ్చింది. సాంబమూర్తి గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గంగాధరం గారు అది చూసి, గబగబా తన పారెడు మట్టిని రోడ్డు మధ్యలో పోశారు.

"ఒరేయ్ మొద్దు మొహమా! కాలువలో ఉన్న దరిద్రాన్ని వీధిలోకి తేవడానికా నిన్ను దింపింది? ఎత్తు! ఎత్తి ఆ తట్టలో పొయ్యి, నీ దుంపతెగ!"

ఇద్దరూ ఎంత అడ్డదిడ్డంగా తవ్వితే అంత బాగా తిట్లు పడుతున్నాయి. కాబట్టి ఇద్దరూ ప్రాణం పెట్టి అడ్డదిడ్డంగా తవ్వారు. ఎలా తవ్వినా తవ్వడం తవ్వడమే. మధ్యాహ్నానికి మోకాలి లోతు దిగారు.

అప్పుడు బయటపడసాగింది మా నియోజకవర్గం ఎన్నికల చరిత్ర, పొరలు పొరలుగా. పైన ప్లాస్టిక్ జెండాలు, ఫ్లెక్సీలు. వాటి కింద అభ్యర్థుల మొహాలున్న అట్టవిసనకర్రలు. ఇంకా కింద గుడ్డ బేనర్లు, తోరణాలు, ముద్దయిపోయిన కరపత్రాలు. అన్నిటికీ అడుగున నల్లగా కుళ్ళిపోయిన ఒక అట్టబొమ్మ. కడిగి చూస్తే దాని మీద నిచ్చెన. అభ్యర్థులు ప్రచారానికి వచ్చినప్పుడల్లా, ఆవిడ తిట్లు తిన్న ఆనందంలో, చేతిలో ఉన్నవన్నీ కాలువలోనే పడేసి వెళ్ళేవాళ్ళు. కాలువ దానంతటది పూడలేదు.

సాంబమూర్తి గారు ఒక ఫ్లెక్సీ బయటికి లాగి విప్పారు. ఆయన మొహమే, కిందటి ఎన్నికలది. 'మీ సమస్యే నా సమస్య' అని ఉంది. ఆయన కాసేపు దాన్ని చూసి, మడతపెట్టి తట్టలో వేశారు. వీడియో అతని బ్యాటరీ అప్పటికే అయిపోయింది. నాకు ఆయన మీద ఎందుకో జాలివేసింది. పేరంటాలమ్మ గారికీ అలాగే అనిపించినట్టుంది, "ఒరేయ్, ఎండలో చస్తారు, పైకి రండి" అని ఇద్దరికీ మజ్జిగ ఇచ్చారు. సాంబమూర్తి గారు రెండో గ్లాసు అడిగి తాగారు. దాన్ని ఎవరూ ఏ ఫారంలోనూ రాయలేదు.

ఐదింటికి అనంతశయనం గారు ఈల వేశారు. అప్పటికే కాలువలో నీళ్ళు కదిలాయి. ముందు బద్ధకంగా, తర్వాత గలగలా. తిట్ల లెక్క చూస్తే రెండు వైపులా సరిగ్గా సమానంగా వచ్చింది. దాన్ని నేనే ధ్రువీకరించాను. మధ్యలో కొన్ని ఎవరి మీద పడ్డాయో తేలనివి ఉంటే, వాటిని చెరిసగం వేశాను.

ఇందువల్ల ఒక చిక్కు వచ్చిపడింది. ఇద్దరికీ సమానంగా తిట్లు పడ్డాయి కాబట్టి, ఎవరికి ఓటెయ్యాలో జనం తమంతట తాము ఆలోచించుకోవలసి వచ్చింది. నియోజకవర్గం పుట్టాక ఇది మొదటిసారి. చాలామంది ఇబ్బంది పడ్డారు. కొంతమంది మా ఇంటికి వచ్చి, "ఇప్పుడెలాగండీ మేష్టారూ? వాళ్ళేం చేశారో, ఏం చేస్తారో చూసుకోవాలంటారా?" అని గుసగుసగా అడిగారు. అలాగే చేయండి అని చెప్పి పంపించాను. వాళ్ళ మొహాలు చూస్తే పాపం అనిపించింది.

గంగాధరం గారు గెలిచారు. పెద్ద మెజారిటీ కాదు. ఓడిపోయిన సాంబమూర్తి గారు, తన వైపు సగం కాస్త లోతు తక్కువ తవ్వానేమో అని కొన్నాళ్ళు బాధపడ్డారట.

ఫలితాలు వచ్చిన వారానికి ఇంజనీరు మా వీధికి వచ్చాడు. చేతిలో అనంతశయనం గారు బదిలీ మీద వెళుతూ సంతకం చేసిన చివరి ఉత్తర్వు ఉంది. అరుగు మీద కూర్చుని గొంతు సవరించుకుని చదివాడు: "తదుపరి ఎన్నికల ప్రకటన వెలువడునంతవరకు సదరు కాలువ ప్రవహించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది."

"అనుమతివ్వకపోతే ఏం చేసేదంటయ్యా, నిలబడి ఉండేదా?" అన్నారు పేరంటాలమ్మ గారు.

"ప్రకటన వచ్చాక మాత్రం కొంచెం పూడిక వెయ్యమంటారేమోనండీ," అన్నాడతను తల గోక్కుంటూ. "కొత్త ఎమ్మెల్యే గారు ఇప్పటినుంచే అడుగుతున్నారు."

"అలాగా! వాణ్ణొకసారి రమ్మను నాయనా. నోరారా దీవిస్తాను."

ఇంజనీరు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఆ మాట తనకు వినబడలేదని అక్కడే నిర్ణయించుకున్నాడు.

జూన్ రెండో వారంలో తొలకరి పడింది. మధ్యాహ్నం మూడింటికి ఆకాశం ఒక్కసారిగా కుమ్మరించింది. నేను గొడుగు కూడా తీసుకోకుండా వీధి దాటి వెళ్ళాను. పేరంటాలమ్మ గారు గడపలో కూర్చుని ఉన్నారు. ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. చీరలు దండెం మీదికి ఎక్కాయి. నీళ్ళు గడప దగ్గరికి కూడా రాలేదు. కాలువలో నీళ్ళు తెల్లగా నురగలు కట్టి, మలుపు తిరిగి, మాయమైపోతున్నాయి.

ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశారు. వీధి శుభ్రంగా ఉంది, ఇల్లు పొడిగా ఉంది, పాలు చిక్కగా ఉన్నాయి. అనడానికి ఏమీ లేదు. నాకు కొంచెం భయం వేసింది.

అప్పుడు ఆవిడ కాలువ వైపు ముందుకు వంగారు.

"ఏంటే ఆ పరుగు? ఎవరో తరుముతున్నట్టు! ముప్పై ఏళ్ళు కదలకుండా కూర్చున్నావు కదా, ఇప్పుడు ఒక్క నిమిషం నెమ్మదిగా పోలేవూ, నీ జిమ్మడ!"